అమరావతి స్తూపం చూడాలంటే ముందు దిన్నె దగ్గరికి వెళ్లకండి

అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, బౌద్ధ స్తూపం కూడా ఇక్కడే ఉందట, చూసిపోదాం అని మహాచైత్యం దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. గేటు దాటి లోపలికి వెళ్తే పచ్చగడ్డి నడుమ గుండ్రంగా, తక్కువ ఎత్తులో ఒక ఇటుక కట్టు కనిపిస్తుంది. దాని చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన తెల్లటి రాతి పలకలు, విరిగిన స్తంభాలు. సాంచీ బొమ్మను మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ బోర్లించిన గిన్నెలాంటి అండం కనపడదు, తోరణం కనపడదు, కథలు చెప్పే శిల్పం దాదాపుగా కనపడదు. ఒక చుట్టు తిరిగి, నాలుగు ఫొటోలు దిగి, "ఇంతేనా" అనుకుంటూ వెళ్లిపోతారు.

అలా అనుకోవడం వాళ్ల తప్పు కాదు. దిన్నె మీద మిగిలింది నిజంగానే అంతే. ఒకప్పుడు ఇది సుమారు 50 మీటర్ల అడ్డకొలత ఉన్న స్తూపం. సాంచీ పెద్ద స్తూపం అడ్డకొలత 37 మీటర్లకు మించదు. అంత పెద్ద కట్టడానికి కప్పిన రాతి తొడుగంతా ఇప్పుడు ఊళ్లు, దేశాలు దాటి చెదిరిపోయింది. ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నూట ఇరవై దాకా శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కోల్‌కతా, ఢిల్లీ, పారిస్‌లలో కొన్ని ఉన్నాయి. తరవాతి తవ్వకాల్లో దొరికినవి అమరావతిలోనే పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నాయి. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్లు వరస మార్చుకుంటే మేలు. ముందు మ్యూజియం, ఆ తరవాత దిన్నె. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి ఆ రోజు రాకపోతే ఇంకా మేలు.

మ్యూజియం ముందు ఎందుకంటే, ఈ స్తూపం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం స్తూపం మీదే ఉంది. అమరావతి శిల్పులు ఒక విచిత్రమైన పని చేశారు. స్తూపం అడుగు భాగాన్ని చుట్టి ఉండే రాతి పలకల మీద ఆ స్తూపం బొమ్మనే చెక్కారు, ఒకటి రెండు కాదు, పలక తరవాత పలకగా. కట్టడం కూలిపోయింది, తొడుగు ఊడిపోయింది. కానీ ఊడిపోయిన ఆ ముక్కల మీదే మొత్తం కట్టడం చిన్నదిగా నిలిచి ఉంది. ఇలాంటి పలక ఒక్కటి నిదానంగా చూస్తే చాలు, బయట ఉన్న ఇటుక చుట్టుకు ప్రాణం వస్తుంది.

అలాంటి పలకను కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే కింద ప్రాకారం ఉంటుంది. దీన్ని వేదిక అంటారు. నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా దూర్చిన రాతి కమ్ములు, ఆ కమ్ముల మీద గుండ్రటి తామరలు. నడుమ ద్వారం. సాంచీలోలాగా ఎత్తైన తోరణం ఇక్కడ ఉండదు. వేదికే కొంచెం ముందుకు చొచ్చుకొచ్చి వాకిలి అవుతుంది, ఆ వాకిలి స్తంభాల మీద సింహాలు కూర్చుని ఉంటాయి. వాకిలిలోంచి చూపు లోపలికి పోతే స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఒక అరుగు, దాని మీద వరసగా ఐదు స్తంభాలు కనిపిస్తాయి. ఇవి ఆయక స్తంభాలు. నాలుగు దిక్కులా ఇలాంటి అరుగులు ఉంటాయి. ఐదు స్తంభాలు బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తు అంటారు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం. ఈ ఆయక అరుగులు కృష్ణా లోయ స్తూపాల ప్రత్యేకత. జగ్గయ్యపేటలో, నాగార్జునకొండలో ఇవే కనిపిస్తాయి, సాంచీలో కనిపించవు.

ఐదు స్తంభాల పైన అండం. అది బోసిగా ఉండదు, దాని మీద శిల్ప ఫలకాలు, పూలదండల వరసలు. దాని నెత్తి మీద నలుచదరపు కంచెలాంటి హర్మిక, అందులోంచి గుబురుగా లేచిన గొడుగులు. అటూ ఇటూ గాల్లో తేలుతూ దేవతలు, చేతులు జోడించినవాళ్లు, పూలు చల్లుతున్నవాళ్లు. ఇంతమంది మనుషుల్ని, ఇంత కదలికను పుట్టించి కూడా గీత ఎక్కడా తడబడదు. ఏ బొమ్మా పక్క బొమ్మను తొక్కదు. నేరుగా చూసినప్పుడే తెలిసే సంగతి ఇది. ఫొటోలో పలకంతా ఒకే రంగు గజిబిజిలా అనిపిస్తుంది.

ఈ బొమ్మను మనసులో పెట్టుకుని బయటికి వచ్చి దిన్నె చుట్టూ నడిస్తే, ఇటుక కట్టు నాలుగు వైపులా ఎక్కడ ముందుకు వచ్చిందో కంటికి ఆనుతుంది. అది ఆయక అరుగు. దానికి ఎదురుగా వాకిలి ఉండేది. ఈ రెంటి మధ్య ఖాళీ జాగా ప్రదక్షిణ దారి, సుమారు 13 అడుగుల వెడల్పు. దాని అవతలి అంచున వేదిక. వేదికలో మొత్తం 136 నిలువు స్తంభాలు, 348 అడ్డ కమ్ములు ఉండేవని పండితులు లెక్క కట్టారు. ఒక్కో స్తంభం తొమ్మిది అడుగుల ఎత్తు, దాని మీద మళ్లీ గుండ్రటి నెత్తి ఉన్న రాతి దూలం. అంటే దారిలోకి దిగిన మనిషికి బయట ఊరు కనిపించదు. ఎడమ పక్క వేదిక, కుడి పక్క స్తూపం, నెత్తిన ఆకాశం.

శిల్పుల తెలివి కూడా ఇక్కడే ఉంది. వేదికకు బయటి వైపు ఎక్కువగా తామరలు చెక్కారు. స్తంభం నడుమ నిండు తామర, పైనా కిందా సగం తామర. పై దూలం మీద పొడవాటి పూలదండను మోస్తూ పోతున్న మనుషులు. దూరం నుంచి వచ్చేవాళ్లకు అది పండగ ముస్తాబు. లోపలి వైపుకు తిరిగితే మాత్రం అదే చోట, అదే గుండ్రటి చట్రంలో తామర బదులు కథ ఉంటుంది. బుద్ధుడి పూర్వజన్మల గురించిన జాతక కథలు, ఆయన జీవితం. కథ చదవాలంటే లోపలికి రావాలి, నడవాలి. కుడి వైపు స్తూపాన్ని ఉంచుకుని నడిచే మనిషికి ఎడమ చేతి పక్కన ఒక్కో స్తంభం ఒక్కో కథ విప్పుతుంది. ఈ శిల్పాలను ఇప్పుడు మ్యూజియం గోడకు ఆనించి ముక్కలుగా చూస్తున్నాం. చెక్కినవాడు మాత్రం నడిచే మనిషి కోసం చెక్కాడు.

వీటిలో ఒక్కటి దగ్గరగా చూద్దాం. చెన్నై మ్యూజియంలో ఉన్న నాలాగిరి ఏనుగు ఫలకం. కథ బౌద్ధులందరికీ తెలిసిందే. బుద్ధుడి మీద కక్ష పెంచుకున్న దేవదత్తుడు రాజగృహంలో ఆయన నడిచి వచ్చే వీధిలోకి తాగించిన ఏనుగును వదిలిస్తాడు. ఒకే గుండ్రటి చట్రంలో ఈ ఏనుగు రెండు సార్లు ఉంది. ఎడమ పక్క కోట వాకిలి. దాన్ని దాటి ఏనుగు వీధిలో పడింది, తొండంతో ఒక మనిషిని పట్టి ఈడుస్తోంది, కాళ్ల కింద జనం నలుగుతున్నారు. దారినపోయే వాళ్లు చెల్లాచెదురయ్యారు. భయంతో ఒకామె పక్కనున్న మనిషిని గట్టిగా పట్టుకుంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు, ఏం జరుగుతుందో అన్న టెన్షన్ ఆ మెడల వంపులోనే ఉంది. చూపు కుడి పక్కకు జరిపితే అదే ఏనుగు మోకాళ్ల మీద కూలబడి బుద్ధుడి పాదాల దగ్గర తల వంచింది. ఆయన వెనక భిక్షువులు నెమ్మదిగా నిలబడి ఉన్నారు. ఎడమ సగమంతా గందరగోళం, కుడి సగమంతా నిశ్శబ్దం, మధ్యలో గీత లేదు. కంటిని ఆ పక్క నుంచి ఈ పక్కకు లాక్కొచ్చే పని ఏనుగుదే. ఈ ఒక్క ఫలకం కోసమైనా చెన్నై వెళ్లొచ్చు.

ఆ ఫలకంలో బుద్ధుడు మనిషిగా కనిపిస్తాడు. అన్ని చోట్లా అలా కాదు. అమరావతి శిల్పాల్లో కొత్తవాళ్లను తికమక పెట్టేది ఇదే. చాలా ఫలకాల్లో జనమంతా మొక్కుతుంటారు, కానీ ఎదురుగా ఖాళీ ఆసనం ఉంటుంది. లేదా చెట్టు, పాదముద్రలు, చక్రం, మంటలు చిమ్మే స్తంభం. సిద్ధార్థుడు ఇల్లు విడిచే ఘట్టంలో గుర్రం నడుస్తుంటుంది, గొడుగు పట్టి ఉంటుంది, జీను మీద ఎవరూ ఉండరు. తొలినాళ్ల బౌద్ధ శిల్పం బుద్ధుడి రూపాన్ని చెక్కకుండా గుర్తులతో చెప్పింది. రూపం చెక్కడం తరవాత వచ్చింది. అయితే రూపం రాగానే గుర్తులు పోయాయనుకోకూడదు. చివరి దశలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి.

ఈ మార్పును ఒకే రాయి మీద చూడాలంటే లండన్‌లో ఒక పలక ఉంది. దానికి రెండు వైపులా శిల్పమే. ఒక వైపు క్రీస్తు పూర్వం 1వ శతాబ్దానికి చెందిన పని: బోధి వృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. గీత మోటుగా, బొమ్మలు నిటారుగా ఉంటాయి. సుమారు మూడు వందల ఏళ్ల తరవాత ఆ పలకను ఊడదీసి, వెనక్కి తిప్పి, రెండో వైపు స్తూపం బొమ్మ చెక్కారు. ఆ స్తూపం వాకిలిలో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. అంటే ఈ మహాచైత్యం ఒక్కసారి కట్టి వదిలేసిన కట్టడం కాదు. క్రీస్తు పూర్వం మొదలై, క్రీస్తు శకం 3వ శతాబ్దం దాకా పెంచుతూ, మార్చుతూ, పాత రాయిని మళ్లీ వాడుకుంటూ వచ్చారు. పక్కనే ఉన్న ధరణికోట, అంటే నాటి ధాన్యకటకం, కృష్ణా నది మీద వ్యాపారం సాగించిన నగరం. ఆ సంపదే ఈ రాళ్లలో కనిపిస్తుంది. ఇక రాయి విషయం. చాలామంది దీన్ని పాలరాయి అంటారు. నిజానికి ఇది పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ డాలు కొట్టే తెలుపు. మెత్తగా ఉండి సన్నపు గీతకు లొంగుతుంది. ఆ మెత్తదనమే తరవాత దాని పాలిట శాపమైంది.

ఇంత శిల్పం ఎలా ఖాళీ అయిందన్న కథను ఒక్క దొంగ మీదికి నెట్టడం తేలిక. నిజం అంత తేలిక కాదు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చి కొత్త పట్నం కట్టించాడు. అప్పటికి స్తూపం మట్టి కప్పుకున్న పెద్ద దిబ్బ, జనం నోట దీపాలదిన్నె. ఇళ్లకు ఇటుక కావాలి, మెట్లకు రాయి కావాలి. రెండూ ఆ దిబ్బలో సిద్ధంగా ఉన్నాయి. అది బౌద్ధ స్తూపమని చెప్పేవాళ్లు ఆ రోజుల్లో ఊళ్లో ఎవరూ లేరు. ఆ శతాబ్దం చివరలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చి ఈ రాళ్లను చూశాడు. 1816లో తన బృందంతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమి భాగాన్ని తవ్వి చెరువు చేసేశారు. కొన్ని పలకలు కాల్చి సున్నం చేశారు. మెకంజీ బృందం కొలతలు తీసి ఎనభైకి పైగా బొమ్మలు గీసింది. ఆ బొమ్మల్లోని రాళ్లు కొన్ని తరవాత ఎక్కడా కనిపించలేదు, కాగితం మీద మాత్రమే మిగిలాయి. మన రాళ్లను విదేశీయులు ఎత్తుకుపోయారని కోపం రావడం సహజమే. కానీ ఆ కాగితాలే లేకపోతే పోయినవేమిటో కూడా మనకు తెలిసేది కాదు. ఈ రెండు మాటలూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వి తీసిన శిల్పాలు మద్రాసు చేరాయి. అక్కడ మ్యూజియం ముందు ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో వాటిని ఓడెక్కించి లండన్ పంపారు. లండన్‌లోనూ వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వాటిని ఫైఫ్ హౌస్ అనే భవనం గుర్రపు శాలలో చూసి వెలుగులోకి తెచ్చాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం మంచి ఉద్దేశంతోనే తగిలింది. 1877లో మద్రాసు ప్రభుత్వ అధికారి రాబర్ట్ సీవెల్ ఒక పక్కన జాగ్రత్తగా తవ్వి, ఎక్కడ ఏది దొరికిందో రాసుకున్నాడు. దిన్నెలో ఇంకా చాలా ఉందని తేలడంతో, 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ మొత్తం తవ్వి శుభ్రం చేయమని ఉత్తర్వు ఇచ్చాడు. కూలీలు తవ్వారు. ఏ పలక ఎక్కడ, ఏ లోతులో, ఏ దిక్కుకు పడి ఉందో రాసుకున్నవాళ్లు లేరు. 1881 చివర్లో పురావస్తు పండితుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి దిన్నె ఉన్న చోట గుండ్రటి గొయ్యి, దాని చుట్టూ చెల్లాచెదురుగా రాళ్లు. పురావస్తు తవ్వకంలో దొరికిన వస్తువు ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటు అంతకంటే ముఖ్యం. వస్తువును వెయ్యేళ్ల తరవాతైనా మళ్లీ చూడొచ్చు, చోటు ఒక్కసారి చెరిగితే తిరిగి రాదు. ఏ స్తంభం పక్కన ఏ స్తంభం ఉండేదో, ఏ కథ తరవాత ఏ కథ వచ్చేదో ఈ రోజు ఎవరూ ఖాయంగా చెప్పలేకపోవడానికి కారణం ఆ కొన్ని నెలలే. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే, స్వాతంత్ర్యం వచ్చాక 1958-59లో, మళ్లీ 1970ల్లో పురావస్తు శాఖవాళ్లు జరిపిన తవ్వకాలు చాలా విషయాలు రాబట్టాయి. దక్షిణ ఆయక అరుగులో స్ఫటిక కరండాలు, అంటే ధాతువులు దాచే చిన్న బరిణెలు, అలా దొరికినవే. కానీ అవన్నీ మిగిలిన అంచుల్లో జరిగిన పని.

బౌద్ధం ఇక్కడ 3వ శతాబ్దంతో ముగిసిపోయిందన్న అభిప్రాయం కూడా ఉంది. అది పొరపాటు. 1182లో కోట వంశపు కేతరాజు ధాన్యకటకంలోని బుద్ధుడికి భూమి, దీపాలు ఇచ్చాడు. ఆ శాసనం ఉన్నది అమరేశ్వరుడి గుడిలో. 1344 నాటి శ్రీలంక గడలదెనియ శాసనం, ధాన్యకటకంలో ఒక రెండంతస్తుల ఆలయాన్ని ధర్మకీర్తి అనే భిక్షువు బాగుచేయించిన సంగతి చెబుతుంది. అంటే పదిహేను వందల ఏళ్లకు పైగా ఇక్కడ ఎవరో ఒకరు దీపం పెడుతూనే ఉన్నారు. గుడికి వచ్చి స్తూపాన్ని పావుగంటలో చూసి వెళ్లేవాళ్లు ఆ శాసనాన్ని దాటుకునే వెళ్తున్నారు.

శిల్పాలు చూసే మురిపెంలో రాతలను వదిలేస్తారు చాలామంది. అవి బ్రాహ్మి లిపిలో, ప్రాకృత భాషలో ఉంటాయి. చదవలేకపోయినా ఎక్కడ ఉన్నాయో వెతికి చూడాలి, ఎందుకంటే స్తూపాన్ని కట్టించింది ఎవరో చెప్పేవి అవే. తొలి తెలుగు మాటల్లో ఒకటని తెలుగువాళ్లు ఎంతో ఇష్టంగా చెప్పుకునే "నాగబు" కూడా ఇలాంటి ఒక అమరావతి రాతి ముక్క మీదిదే. అది వేటూరి ప్రభాకరశాస్త్రి గారి చూపుకు దొరికింది. రాజుల పేర్లు ఉన్నాయి, శాతవాహన పులుమావి కాలం నాటి శాసనం ఉంది. కానీ ఎక్కువ రాళ్లు రాజులవి కావు. వర్తకులు, గృహస్థులు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు. సుగంధాలు అమ్ముకునేవాడు ఒకడు. ఒకరు ఒక స్తంభం ఇస్తారు, ఇంకొకరు ఒక అడ్డ కమ్మీ, మరొకరు ఒక పలక. దాత తన పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి చెప్పి, ఇది మా దేయధర్మం, అంటే మా దానం, అని రాయిస్తాడు. ఊరి గుడిలో ఫ్యాన్ రెక్క మీద, గోడకు వేసిన బండ మీద ఇచ్చినవాళ్ల పేర్లు రాయించే అలవాటు మనకు కొత్తగా వచ్చింది కాదు.

ఆ దాతల్లో విధికుడు అనే అతను ఉన్నాడు. నాగోపాధ్యాయుడి కొడుకు. వృత్తి చర్మకారం, అంటే తోలు పని. శాసనంలో ఆ మాట దాచలేదు, "చమ్మకార" అని స్పష్టంగా ఉంది. ఇచ్చింది పూర్ణఘటం చెక్కిన ఒక పలక. బొద్దుగా, నగలు తొడిగినట్టున్న కుండ. దాని మూతిలోంచి మొగ్గలు, సగం విచ్చినవి, నిండుగా విచ్చిన తామరలు పైకి ఎగదన్నుకుని వస్తుంటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో అమరావతి శిల్పం ఆధారంగా తన అధికార చిహ్నాన్ని దిద్దుకున్నప్పుడు నడుమ పెట్టుకున్నది ఈ కోవ పూర్ణఘటాన్నే. కలెక్టరాఫీసు కాగితం మీద, సర్కారు బోర్డు మీద రోజూ కనిపించే ఆ కుండకు మూలాన్ని వెతుక్కుంటూ పోతే విధికుడి లాంటివాళ్లే ఎదురవుతారు.

విధికుడి పలక చెన్నై మ్యూజియంలో ఉంది. కుండ దగ్గరే చిన్న బ్రాహ్మి అక్షరాలు ఉంటాయి. అందులో అతను ఒక్కడే లేడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, చుట్టపక్కాలు, స్నేహితులు, అందరితో కలిసి ఇచ్చానని రాయించాడు. కొడుకు పేరు కూడా నాగుడే, తాత పేరు పెట్టుకున్నారు.